చూడని మరక

పొద్దున షెల్ఫులోంచి బొమ్మ రైలింజన్ని తీస్తుంటే లోపల ఏదో కదిలింది. టక్కుమని చిన్న చప్పుడు.

ఆ చప్పుడేంటో శ్రీకర్‌కి వెంటనే తెలిసిపోయింది. తెలిసినా ఒప్పుకోబుద్ధి కాలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఫోన్ లైటు వేసి, ఒక కన్ను మూసి, డ్రైవర్ కూర్చునే క్యాబ్‌లోకి చూశాడు. డ్రైవర్ సీటు ఖాళీ. తను గమ్ముతో అతికించిన డ్రైవర్ బొమ్మ ఊడిపోయి కింద పడి ఉంది. చిటికెన వేలి గోరంత మనిషి. నీలం చొక్కా. బోర్లా పడి, ఒక చెయ్యి ముందుకి చాచి ఉన్నాడు.

ఊరికే బొమ్మయితే ఎవరూ అంత భయపడరు. ఆ బొమ్మ అతని బావ.

అక్క మొగుడు రాజలింగం ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజను డ్రైవరు. ఫ్యాక్టరీ గుట్ట మీద ఉంటుంది. నిండిన వ్యాగన్లని కిందకి దించి, ఖాళీవాటిని పైకి లాక్కెళ్లడం ఆయన పని. ఈ ఏడే వాళ్లకి కొత్త డీజిల్ ఇంజను వచ్చింది. పసుపు రంగు మీద ఎర్ర గీత, అద్దంలా మెరిసిపోయే ఒళ్లు. బావ దాని ముందు నిలబడి మీసం మెలేస్తూ ఫొటో పంపించాడు. శ్రీకర్ ఆ ఫొటో మీద ఇంకో యాభై ఫొటోలు అడిగి తెప్పించుకుని, అరచెయ్యంత పొడుగున అచ్చం అలాంటిదే చేశాడు. తనంతట తను చేసిన మొదటి ఇంజను. డ్రైవర్ సీట్లో బావని కూర్చోబెట్టాడు. మీసం కూడా పెట్టాడు.

ఇప్పుడా మనిషి నేల మీద ఉన్నాడు.

శ్రీకర్ బావకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. అక్కకి చేశాడు.

"డ్యూటీల ఉన్నప్పుడు ఫోన్ లాకర్ల పెట్టాలె కదరా, నీకు తెల్వదా?" అంది అక్క. "రాత్రి నుంచి జరమున్నది మీ బావకు. వద్దంటే వినకుండ పోయిండు. ఎందుకు, ఏమైంది?"

"ఏం లేదక్కా. ఊరికెనే."

ఫోన్ పెట్టేసి అట్టపెట్టె కోసం వెతికాడు. ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు.

*

ఇంజన్ని అట్టపెట్టెలో పెట్టి, ఒళ్లో పట్టుకుని, ఆటో ఎక్కాడు. నిండుకుండని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. గుంత వచ్చిన ప్రతిసారీ పెట్టెని గాల్లోకి ఎత్తుతున్నాడు.

"ఏందన్నా, గుడ్లా?" అన్నాడు ఆటో అతను.

"మెల్లగ పోనియ్యి."

"గుడ్లయితే చెప్పు, ఇంక మెల్లగ పోత. బంగారమైతే జర ఉరుకుత."

శ్రీకర్ నవ్వలేదు. పెట్టె లోపల నించి ఏ చప్పుడూ రాకూడదని మాత్రమే అనుకుంటున్నాడు.

కాజీపేటలో రైల్వే లైనుకి ఆనుకుని ఉన్న సందు చివర రహమత్ అలీ ఉస్తాద్ ఉంటాడు. ఒకప్పుడు బడిలో డ్రాయింగ్ మాస్టారు. ఇప్పుడు రేకుల గదిలో కూర్చుని బొమ్మ ఇంజన్లకి రంగు మాపుతాడు. బొమ్మరైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు ఎక్కడెక్కడి నించో కొత్త ఇంజన్లని డబ్బా కూడా విప్పకుండా ఆయనకి పంపిస్తారు. దాంతోపాటు అసలు ఇంజను ఫొటోలు. డబ్బాలోంచి బయటికొచ్చినప్పుడు ఆ బొమ్మ మిఠాయి కొట్లో పెట్టినట్టు తళతళలాడుతూ ఉంటుంది. ఉస్తాద్ దానికి పొగ పట్టిస్తాడు, తుప్పు ఎక్కిస్తాడు, ఆయిలు కారిన చారలు పెడతాడు. ఆయన చేతిలోంచి తిరిగొచ్చిన బొమ్మని చూస్తే ఎండలో పనిచేసి వచ్చి కూర్చున్న మనిషిని చూసినట్టుంటుంది.

డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, ఇంట్లో అందరి చూపులూ తప్పించుకుని తిరుగుతున్న రోజుల్లో శ్రీకర్ ఆయన దగ్గరికి చేరాడు. ఉస్తాద్ నేర్పింది తక్కువ, చేయించింది ఎక్కువ. నోటితో చెప్పిన నియమం మాత్రం ఒక్కటే.

"ఇంజను బతికిన బతుకే దాని మీద ఉండాలె. నువ్వు చూడని మరక పెట్టకు."

శ్రీకర్ పెట్టాడు.

*

గదిలోకి వెళ్లేసరికి ఉస్తాద్ కుంచె కడుగుతున్నాడు. బయట మబ్బు కమ్మి మధ్యాహ్నమే చీకటిగా ఉంది. రేకుల మీద వాన మొదలవబోతూ ఆగి ఆగి నాలుగు చినుకులు రాలుస్తోంది.

"ఏందిరా, మొఖం గట్ల పెట్టినవ్? నౌకరీ గిట్ల వచ్చిందా?"

"ఉస్తాద్, మీరొకటి చూడాలె."

పెట్టె తెరిచాడు. ఉస్తాద్ ఇంజన్ని చేతిలోకి తీసుకోలేదు. వంగి, పెట్టెలో ఉన్నదాన్నే చూశాడు. చాలాసేపు చూశాడు.

"కొత్తింజనన్నవ్ కదా. గీ పొగ మరక ఏడ చూసినవ్?"

పొగ గొట్టం పక్కన, పసుపు రంగు మీదకి, నాలుకలా జారిన నల్లటి మరక.

"చూడలే."

"గీ మెట్టు?"

ఎడమ వైపు క్యాబ్ ఎక్కే కింది మెట్టు లోపలికి వంగి ఉంది. చెయ్యి జారి పడితే వంగింది కాదు. శ్రీకరే చిమటాతో, సన్నటి పట్టకారుతో, వంచాడు.

"చూడలే ఉస్తాద్. మీ ఇంజన్లన్నీ బతికినట్టుంటయ్. నాది కొత్తది, ఒక్క గీత లేదు. పక్కన పెడితే నాది బొమ్మ లెక్క కనపడ్డది. అందుకని..."

 ఉస్తాద్ కుంచెని గుడ్డ మీద ఆరబెట్టాడు. శ్రీకర్ మిగతాది ఆపకుండా చెప్పేశాడు. ఆగితే మళ్లీ చెప్పలేనని భయం.

పొగ మరక పెట్టిన కొన్నాళ్లకి బావ ఇంకో ఫొటో పంపాడు. అందులో అసలు ఇంజను మీద అదే మరక. అదే చోట. అదే నాలుక ఆకారం. డీజిల్ ఇంజనన్నాక పొగ మరక పడక మానుతుందా అనుకున్నాడు. తర్వాత మెట్టు వంచాడు. వానాకాలం మొదట్లో అక్క వాళ్లింటికెళ్లినప్పుడు బావ నవ్వుతూ చెప్పాడు. "కొత్త పెండ్లికూతురు కాలిరగ్గొట్టుకున్నది బామ్మర్దీ. రాళ్ల కుప్పకు తగిలి మెట్టు వంగింది."

"ఏ పక్క?" అన్నాడు శ్రీకర్.

"ఎడమ."

"కింది మెట్టా?"

"నువ్వు చూసినట్టే అడుగుతున్నవ్ గదా!" అన్నాడు బావ.

ఉస్తాద్ స్టూలు మీద కూర్చున్నాడు. "మొదటిసారి నాకు చెప్పలే. రెండోసారి చెప్పలే. గిప్పుడు వచ్చినవ్."

శ్రీకర్ తల వంచుకున్నాడు.

"తియ్యగ ఉండెనా?" అన్నాడు ఉస్తాద్.

ఆ మాట సూదిలా దిగింది. ఉండింది. నిజంగానే తియ్యగా ఉండింది. ఎక్కడా దేనికీ పనికిరాని తన చేతిలో ఏదో ఉందని, ఇక్కడ గీత గీస్తే అక్కడెక్కడో గుట్ట మీద ఇనుము వంగుతోందని, రాత్రుళ్లు తలుచుకుని తలుచుకుని మురిసిపోయాడు. ఆ మురిపెంలోనే ఇంజన్ని షెల్ఫు మీద ఎత్తున, అందరికీ కనపడేచోట పెట్టుకున్నాడు.

"ఇప్పుడేమైంది?"

"బావ పడిపోయిండు."

"ఏడ?"

శ్రీకర్ వేలితో క్యాబ్ కిటికీ చూపించాడు. ఉస్తాద్ టేబుల్ లైటు వంచి లోపలికి చూశాడు. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. లైటు మళ్లీ పైకి ఎత్తాడు.

"జరముండి కూడ డ్యూటీకి పోయిండట. ఫోన్ ఎత్తుతలేడు," అన్నాడు శ్రీకర్. "క్యాబ్ టాపు గమ్ముతోని అతికించిన. దాన్ని కోస్తే గని ఆయన్ని లేపరాదు. కోస్తే అక్కడ టాపుకేమైతదో. వంచి కుదిపితే ఇంజనే బోర్లా పడ్తదేమో. ఏం చేసినా భయమే. నేనింక దీని మీద చెయ్యే పెట్టను ఉస్తాద్. మీ దగ్గర ఒక మూలకు పెట్టుండ్రి. ఈ జన్మల ముట్టను."

ఉస్తాద్ లేచాడు. ఇంజన్ని రెండు చేతులతో పెట్టెలోంచి తీశాడు. గోడ పొడుగునా ఉన్న బల్ల దగ్గరికి నడిచాడు.

ఆ బల్ల మీద చిన్న పట్టాలు ఉన్నాయి. ఆ మూల నించి ఈ మూల దాకా ఒకటే వరుస. చేతికొచ్చిన ఇంజన్లని నడిపి చూసుకోవడానికి వేసుకున్నాడు. పట్టాల చివర మామూలుగా ఒక చెక్క అడ్డు ఉంటుంది. దాన్ని మళ్లీ మేకు కొట్టాలని మొన్ననే పీకాడు. ఇప్పుడు పట్టాలు బల్ల అంచు దాకా వెళ్లి అక్కడే ఆగిపోయాయి. కింద సిమెంటు నేల.

"ఉస్తాద్, వద్దు."

ఉస్తాద్ ఇంజన్ని పట్టాల మీద పెట్టాడు. కరెంటు బటన్ తిప్పాడు.

ఇంజను ముందు దీపం వెలిగింది. మెల్లగా కదిలింది.

చీకటి గదిలో దాని వెలుతురు బల్ల మీద పాకుతూ వెళ్తోంది. వెనకనించి టేబుల్ లైటు పడి, ఇంజను నీడ గోడ మీద నడుస్తోంది. నీడలో అది పెద్ద ఇంజను. క్యాబ్ కిటికీలోంచి వెలుతురు ఆ పక్కకి అడ్డం లేకుండా పోతోంది. అక్కడ తల ఉండాల్సిన చోట తల లేదు.

పట్టా అతుకు దాటినప్పుడల్లా లోపల పడి ఉన్న మనిషి ఇంజను గోడకి తగులుతున్నాడు. టక్. కాసేపటికి మళ్లీ. టక్.

"ఆపుండ్రి ఉస్తాద్! కింద పడ్తది!"

"నేను ఆప," అన్నాడు ఉస్తాద్. బటన్ మీంచి చెయ్యి తియ్యకుండా గడ్డంతో బల్ల చివరికి చూపించాడు. "పో. చెయ్యి పెట్టు."

"ఆఁ?"

"చెయ్యి."

శ్రీకర్ పరిగెత్తాడు. రంగు డబ్బాలు కాలికి తగిలి పడ్డాయి. బల్ల చివర మోకాళ్ల మీద కూలబడి, పట్టాలకి అడ్డంగా అరచెయ్యి పెట్టాడు. దీపం వెలుతురు మొదట వేళ్ల మీద పడింది. తర్వాత చెయ్యంతా ఎర్రగా వెలిగింది. ఇంజను వచ్చి అరచేతికి ఆనింది.

ఆగింది. ఆగిందే గానీ చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

"బంద్ చెయ్యుండ్రి ఇగ. మోటరు కాల్తది."

"కాలనీ."

"ఎంతసేపు ఉస్తాద్?"

 ఉస్తాద్ ఎడమ చేత్తో స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. కుడి చెయ్యి బటన్ మీదే ఉంది.

వాన పడింది. రేకుల మీద ఒక్కసారిగా చెవులు మూసుకుపోయేంత చప్పుడు. ఆ చప్పుడులో కూడా శ్రీకర్‌కి చక్రాలు తన చేతికి ఎదురుగా తిరుగుతున్నది తెలుస్తోంది. ఎముకలోంచి తెలుస్తోంది.

తర్వాత అది ఎక్కువైంది.

అగ్గిపెట్టె బరువు కూడా తొయ్యలేని మోటరు అది. తనే పెట్టాడు, తనకి తెలుసు. అయినా అరచెయ్యి వెనక్కి పోతోంది. మణికట్టు వంగుతోంది. శ్రీకర్ రెండో చెయ్యి కూడా అడ్డం పెట్టాడు. భుజం ఆనించాడు. ఇంజను వెనక ఇంకేదో ఉన్నట్టుంది. ఒకటి కాదు, వరసగా, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ గుట్ట మీంచి దిగుతున్నట్టు. చూస్తే ఏమీ లేదు. ఖాళీ పట్టాలు, వాటి వెనక ఉస్తాద్, ఉస్తాద్ వెనక గోడ.

ముక్కుకి డీజిల్ వాసన తగిలింది. కరెంటుతో నడిచే బొమ్మ అది.

"ఉస్తాద్..."

"తియ్యకు."

శ్రీకర్ కళ్లు మూసుకున్నాడు. ఏడుస్తున్నాడని తనకే తెలియలేదు. మరక గుర్తు లేదు, మెట్టు గుర్తు లేదు, తను చేశాడా, చెయ్యలేదా అన్నదీ గుర్తు లేదు. ఆగు బావా, ఆగు బావా, అని మాత్రం లోపల నడుస్తోంది. కాళ్లు నేల మీద జారుతున్నాయి. బొటనవేళ్లు నేలకి తొక్కిపెట్టాడు.

ఎంతసేపో తెలియదు. తోపుడు సడలింది. జ్వరం దిగినట్టు మెల్లగా, మెత్తగా. చేతి మీద మళ్లీ అగ్గిపెట్టె బరువే మిగిలింది. చక్రాలు ఆగిపోయాయి.

శ్రీకర్ కళ్లు తెరిచి ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ బటన్ వైపు చూస్తున్నాడు. బటన్ ఇంకా తిప్పే ఉంది. ఆయన దాన్ని వెనక్కి తిప్పాడు.

అలాగే అరగంట గడిచింది. వాన కొంచెం నెమ్మదించింది. శ్రీకర్ చేతులు తియ్యలేదు.

జేబులో ఫోన్ మోగింది. ఉస్తాద్ వచ్చి, ఫోన్ తీసి, అతని చెవి దగ్గర పెట్టాడు.

"ఏంది బామ్మర్దీ, గన్ని సార్లు చేసినవ్?" బావ గొంతు. నీరసంగా ఉంది, కానీ బావ గొంతే. "మీ అక్క చెప్పిందా ఏంది నీకు?"

"ఏం చెప్పాలె బావా? నువ్వు ఎట్లున్నవ్?"

"ఫ్యాక్టరీ దవాఖాన్ల పండుకున్న. సూది ఏసిండ్రు. మీ అక్కకు చెప్పకు, సంపుతది." దగ్గాడు. "నిండు బండ్లు దింపుతున్న. కండ్లు తిరిగినయ్. సీట్లకెల్లి పడ్డ. అంతే, ఇంక నాకు తెల్వదు. కింద పట్టాల చివర లోడింగ్ షెడ్డు లేదా, ఆడ పనిచేసే ఆడోళ్లు బువ్వ తింటున్నరు. వానొస్తుందని అందరు ఆడనే కూసున్నరు."

 "వాళ్లకేమైంది?"

"ఏం కాలే. ఇంజను ఆగింది."

"ఎవరాపిండ్రు?"

"ఎవరాపుతరు? అదే ఆగింది." బావ గొంతు తగ్గించాడు. "బ్రేకు దానంతట అదే పడ్డదంటున్నరు. గట్లయితే కుదుపుంటది కదరా. గన్ని నిండు బండ్లు. నా చాయ్ గిలాస క్యాబుల అట్లనే ఉన్నదట. ఒలకనే ఒలకలేదట."

అటువైపు ఎవరో మాట్లాడొద్దని కసిరారు. "సరే, పెడ్తున్న," అన్నాడు బావ.

ఉస్తాద్ ఫోన్ తీసి శ్రీకర్ జేబులో పెట్టాడు. వంగి, ఇంజన్ని పట్టాల మీంచి ఎత్తాడు. చక్రాలు ఇంకా వేడిగా ఉన్నట్టున్నాయి, గుడ్డతో పట్టుకున్నాడు. కుర్చీ లాక్కుని లైటు కింద కూర్చుని, సన్నటి బ్లేడుతో క్యాబ్ టాపు అంచు వెంట మెల్లగా గీకడం మొదలుపెట్టాడు.

శ్రీకర్ అప్పుడు పట్టాల మీంచి చేతులు తీశాడు.  అక్కడే బల్ల కాలికి ఆనుకుని కూర్చున్నాడు. అరచెయ్యి చూసుకున్నాడు. మధ్యలో ఎర్రగా, కందిపోయి ఉంది. చిన్న ఇంజను ముందు భాగమంత కాదు. చెయ్యంతా.

అడగాలా వద్దా అని చాలాసేపు తన్నుకులాడాడు. చివరికి అడిగాడు.

"ఉస్తాద్. నా చేతుల వల్లనేనా?"

టాపు ఊడి వచ్చింది. ఉస్తాద్ చిమటాతో ఆ నీలం చొక్కా మనిషిని మెల్లగా పైకి లేపి, లైటుకెదురుగా పట్టుకుని, మీసం మీద దుమ్ము ఊదాడు.

"ఏది బిడ్డా?" అన్నాడు. "పడుడా, ఆగుడా?"